మీకు తెలుసా? గోదారి నడుమ పట్టిసీమ

● కొవ్వూరు నుంచి పోలవరం వెళ్లే దారిలో, నది మధ్య నిలిచిన కొండే పట్టిసీమ. కొండ అసలు పేరు దేవకూటాద్రి. పైన వీరేశ్వరుడు, క్షేత్రపాలకుడు భావనారాయణుడు. శివుడికి విష్ణువు కాపలా అన్నమాట!

● దక్షుడి తల నరికిన వీరభద్రుడు తన ఆయుధం ‘పట్టిసాన్ని’ ఇక్కడే కడిగాడని స్థలపురాణం. ఊరి పేరు అలా వచ్చిందట.

● శివరాత్రి తీర్థానికి జనం రేవులో పడవెక్కుతారు. దిగాక కాళ్లు కూరుకుపోయే ఇసుకలో నడక, ఆపై మెట్లు. వరదొస్తే పడవలు బంద్.

● ఏటి నడుమ మేట వేసిన నేలను గోదారోళ్లు ‘లంక’ అంటారు. ఎదుర్లంక, బొబ్బర్లంక పేర్లు అలా పుట్టినవే. చుట్టలకు పేరుమోసిన లంక పొగాకు ఈ నేలదే.

● ఎగువన పాపికొండల్లో ఉండే కొండరెడ్లు గిరిజనులు. వాళ్ల ఇంటి భాషా తెలుగే.

● 2015లో మొదలైన పట్టిసీమ ఎత్తిపోతల పథకంలో 24 పంపులు, 8,500 క్యూసెక్కుల సామర్థ్యం. పోలవరం కుడి కాలువ మీదుగా గోదావరి నీళ్లు కృష్ణను చేరతాయి.

● 2022 ఏప్రిల్‌లో పశ్చిమ గోదావరి నుంచి పట్టిసీమ ఏలూరు జిల్లాలోకి మారింది.