గొర్రె మేత, మేక మేత

మన పల్లెలలో గొర్రెలూ మేకలూ ఒకే మందగా మేతకు పోవడం మనమందరం ఎరిగినదే. రెండూ నెమరువేసే జంతువులే. రెండింటికీ పై దవడలో ముందుపళ్లు లేవు. అయినను వాటి ఆహారపద్ధతులు వేరు. గొర్రె తల వంచి, నేలబారు గడ్డిని మొదలంటా కొరుకుతుంది. మేక తల ఎత్తి, అవసరమైతే వెనుక కాళ్లపై నిలిచి, చురుకైన పెదవులతో తుమ్మ, రేగు ముళ్ల నడుమనున్న ఆకులను ఏరుకుంటుంది. గడ్డి ఎండిపోయే వేసవిలో, లోతుకు వేళ్లు దన్నిన పొదల పచ్చదనమే దానికి ఆధారం. కనుకనే కాపరి రెండింటినీ కలిపి మేపగలుగుతున్నాడు. ముళ్లపొదలు నిరుపయోగమని తలచి బీళ్లను చదును చేసినచో, మిగిలిన గడ్డికై రెండూ పోటీపడతాయి, నేల బోసిపోతుంది. మేకను నిందించే ముందు, దానికి మనమేమి మిగిల్చామో ఆలోచించాలి.