మత్తు సమస్యకు సరైన కొలత ఏది?

మాదకద్రవ్యాల వార్తలు చాలావరకు ఒకే మూసలో వస్తాయి: ఇన్ని కిలోలు పట్టుబడ్డాయి, విలువ ఇన్ని కోట్లు, ఇంతమంది అరెస్టు. సమస్య ఎంత పెద్దదో, ఎంత అదుపులోకి వచ్చిందో ఆ అంకెలతోనే అంచనా వేసుకుంటాం. ఆ కొలత మనల్ని తప్పుదోవ పట్టిస్తోంది. ఐక్యరాజ్యసమితి 2025 నివేదిక ప్రకారం, 2023లో ప్రపంచంలో 31.6 కోట్ల మంది మద్యం, పొగాకు కాక మరేదో ఒక మాదకద్రవ్యం వాడారు. 15 నుంచి 64 ఏళ్ల వయసువాళ్లలో ఇది 6 శాతం. గంజాయి వాడినవాళ్లు 24.4 కోట్లు, నల్లమందు, హెరాయిన్, ఫెంటానిల్ వంటి ఓపియాయిడ్లు వాడినవాళ్లు 6.1 కోట్లు. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో, 2019లో మాదకద్రవ్యాల వల్ల పోయిన దాదాపు 6 లక్షల ప్రాణాల్లో సుమారు 80 శాతం ఓపియాయిడ్లకు సంబంధించినవే. ఏ మందు వాడకం ఎక్కువో చావులు కూడా దాని వల్లే ఎక్కువగా ఉండాలని లేదు.

ఈ తేడాకు కారణం మన శరీరంలోనే ఉంది. నొప్పిని అణచే ఓపియాయిడ్ గ్రాహకాలే మెదడు అడుగుభాగంలో శ్వాసను నడిపే నాడీకణాల మీదా ఉంటాయి. మందు వాటికి అతుక్కున్నప్పుడు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతున్నా ఊపిరి తీసుకోవాలన్న ఆదేశం బలహీనపడుతుంది. మోతాదు మించితే మనిషి నిద్రపోతున్నట్టే కనిపిస్తూ శ్వాస ఆగి చనిపోతాడు. రోజూ వాడే శరీరం క్రమంగా పెద్ద మోతాదుకు అలవాటుపడుతుంది. కొన్ని వారాలు మానేస్తే ఆ ఓర్పు పోతుంది. జైలు నుంచి విడుదలైనవాళ్లు, చికిత్స మధ్యలో ఆపేసినవాళ్లు పాత మోతాదే మళ్లీ తీసుకుని ప్రాణాలు పోగొట్టుకునేది ఇందుకే. సూదుల ద్వారా అంటుకునే హెపటైటిస్ సి, హెచ్ఐవీ ఏళ్ల తరబడి నెమ్మదిగా చంపుతాయి. పట్టుబడిన సరుకు బరువులో ఇవేవీ కనిపించవు.

పైగా ఆ బరువుకే ఇప్పుడు అర్థం మారిపోయింది. అమెరికాలో 1990ల చివరి నుంచి నొప్పి మాత్రలను విచ్చలవిడిగా రాయడంతో లక్షలమంది వాటికి బానిసలయ్యారు. ఆ మాత్రలు దొరకడం కష్టమయ్యాక చాలామంది హెరాయిన్ వైపు మళ్లారు. 2013 నుంచి అందులోకి ఫెంటానిల్ చొరబడింది. గసగసాల పొలం అక్కర్లేకుండా ప్రయోగశాలలో తయారయ్యే ఈ మందు హెరాయిన్ కంటే సుమారు 50 రెట్లు శక్తిమంతం. రెండు మిల్లీగ్రాములు కూడా ప్రాణం తీయగలవు. నిఘా పెరిగేకొద్దీ తక్కువ బరువులో ఎక్కువ మత్తునిచ్చే సరుకే స్మగ్లర్లకు లాభం కాబట్టి, పట్టుబడిన కిలోలు తగ్గుతున్నా చావులు పెరగవచ్చు. 2022లో అమెరికాలో అధిక మోతాదుతో సుమారు 1.08 లక్షల మంది చనిపోయారు. అదే ఏడాది అఫ్గానిస్తాన్‌లో తాలిబన్లు నల్లమందు సాగును నిషేధించడంతో, 2.33 లక్షల హెక్టార్ల సాగు 2023లో 10,800 హెక్టార్లకు పడిపోయింది. ఒక పంటను ఇంత వేగంగా అణచివేయడం అరుదు. కానీ పొలంతో పని లేని మందులను ఆ నిషేధం తాకలేదు. నైటజీన్లు అనే మరో కృత్రిమ ఓపియాయిడ్ల కుటుంబం ఎస్టోనియా, లాత్వియాలలో ఇప్పటికే ప్రాణాలు తీస్తోంది.

మరి ప్రాణాలు నిలిపేది ఏది? ఓపియాయిడ్‌ను గ్రాహకం నుంచి తోసేసి నిమిషాల్లో శ్వాసను తిరిగి తెచ్చే నలాక్సోన్‌ను అమెరికా 2023లో చీటీ లేకుండా అమ్మడానికి అనుమతించింది. వ్యసన చికిత్సలో వాడే మెథడోన్, బ్యుప్రినార్ఫిన్‌లతో నిలకడగా చేసే చికిత్స మరణాల ముప్పును దాదాపు సగానికి తగ్గిస్తుందని అనేక దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. 2024లో అమెరికాలో అధిక మోతాదు మరణాలు సుమారు 80 వేలకు దిగాయి. బజారులోని సరుకులో వచ్చిన మార్పులకూ ఇందులో పాత్ర ఉండవచ్చు కానీ, విరుగుడు, చికిత్స విస్తరించడం ముఖ్య కారణాల్లో ఒకటని నిపుణుల అభిప్రాయం. ఇంత తెలిసినా, 2022లో ప్రపంచవ్యాప్తంగా మాదకద్రవ్యాల వ్యాధితో బాధపడుతున్న ప్రతి 11 మందిలో ఒక్కరికే చికిత్స అందింది.

శిక్ష కంటే చికిత్సకు ప్రాధాన్యం ఇవ్వాలన్న వాదనకు ఒక బలమైన అభ్యంతరం ఉంది: శిక్ష సడలిస్తే వాడకం పెరగదా? పోర్చుగల్ 2001 నుంచి సొంత వాడకానికి కొద్దిపాటి సరుకు ఉంచుకోవడాన్ని నేరాల జాబితా నుంచి తీసేసి, పట్టుబడినవాళ్లను సలహా కమిటీల ద్వారా చికిత్స వైపు మళ్లించింది. అమ్మకాన్ని మాత్రం నేరంగానే ఉంచింది. ఆ తర్వాతి ఏళ్లలో సూదుల వల్ల వచ్చే కొత్త హెచ్ఐవీ కేసులు బాగా పడిపోయాయి. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 2021లో అదే దారి పట్టి 2024లో వెనక్కి తగ్గింది. అక్కడ చికిత్స ఏర్పాట్లు సకాలంలో అందలేదు, సరిగ్గా అప్పుడే ఫెంటానిల్ వచ్చిపడింది. కాబట్టి చట్టంలో మార్పు చికిత్సకు దారి తెరవగలదేమో గాని, చికిత్స లోటును పూడ్చలేదు. గంజాయి ప్రమాదం లేనిదని కూడా నేను అనడం లేదు. కౌమారంలో మొదలుపెట్టి తరచుగా వాడేవాళ్లలో తీవ్ర మానసిక వ్యాధుల ముప్పు పెరుగుతుంది.

ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండల్లో గంజాయి సాగు ఉండటంతో తెలుగు రాష్ట్రాల చర్చ అంతా దాని చుట్టూనే తిరుగుతోంది. అయితే ఎయిమ్స్ నిపుణులు రూపొందించిన 2019 జాతీయ నివేదిక, దేశంలో గంజాయి, భంగు వాడేవాళ్లు 3.1 కోట్లు ఉంటే ఓపియాయిడ్లు వాడేవాళ్లు 2.26 కోట్లు ఉన్నారని అంచనా వేసింది. జనాభాలో ఓపియాయిడ్లు వాడేవాళ్ల శాతం అప్పటి ప్రపంచ సగటుకు దాదాపు మూడు రెట్లు. స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చే వ్యసనపరులకు విచారణ నుంచి రక్షణ ఇచ్చే 64ఏ సెక్షన్ మాదకద్రవ్యాల మీద మనకున్న ఎన్‌డీపీఎస్ చట్టంలోనే ఉంది. వ్యసన విముక్తి కోసం 14446 హెల్ప్‌లైనూ ఉంది. పోలీసులు దాడులు చేయాల్సిందే. కానీ పట్టుకున్న కిలోలతో పాటు ప్రతి జిల్లాలో ఎంతమందికి చికిత్స మొదలైంది, ఎంతమంది ఏడాది పాటు దాన్ని కొనసాగించారు, అధిక మోతాదుతో ఎందరు చనిపోయారు అన్న లెక్కలను ప్రభుత్వాలు క్రమం తప్పకుండా ప్రకటించాలి. ఆ అంకెలు మెరుగైనప్పుడే ఈ పోరులో ముందుకు వెళ్తున్నామని చెప్పుకునే హక్కు మనకు వస్తుంది.