అద్దం చాటు చలిగాలి

ధనుర్మాసంలో, తెలతెలవారుతుండగా, దుత్తలూరు నుంచి ఉదయగిరికి ఆటోలో ప్రయాణం చేసినవారికి చలి సంగతి నేను చెప్పనక్కరలేదు. చేయనివారు మాత్రం నవ్వుతారు. “నెల్లూరు జిల్లాలో చలేమిటండీ!” అని మా కాలేజీ మిత్రుడొకడు ఎగతాళి చేశాడు. నిజమే, మనది ఎండల దేశం. అరుగు మీద కూర్చుంటే మన చలి పైపంచెతో పోతుంది. ఆ చలే గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఎదురొస్తే పంచె కాదు గదా, రగ్గు కూడా చాలదు.

మన ఒంటి వేడికి వెచ్చబడిన పలుచని గాలిపొర ఒకటి ఎప్పుడూ మనల్ని అంటిపెట్టుకొని ఉంటుంది. వీచే గాలి దాన్ని ఊడ్చుకుపోతుంది. 1941లో అంటార్కిటికాలో సైపుల్, పాసెల్ అనే ఇద్దరు అమెరికనులు ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు పోసి గాలికి వేలాడగట్టి, ఏ గాలికి ఎంతసేపట్లో గడ్డకడతాయో చూసి లెక్కలు వేశారట. నాకు అంత దూరం పోవలసిన పని లేకపోయింది. మా అమ్మ చాలు.

అమ్మకు 76 ఏళ్లు. ఉబ్బసం మనిషి. ఉదయగిరిలో మా అక్క కూతురు మగపిల్లవాణ్ణి కన్నదని తెలిసి, మూడోనాడే నాతో బయలుదేరి వెళ్లింది. తిరిగొచ్చి మూడు రాత్రులు పిల్లికూతలతో కూర్చునే తెల్లవార్చింది. “బారసాలకు నేను రాను నాయనా. ఆ గాలి నా వల్ల కాదు” అన్నది. బస్సు లేకపోలేదు గాని, దాని మెట్టు ఆమె మోకాళ్లకు ఎక్కువ. మునిమనవడికి పేరు పెట్టేది ఇరవై ఒకటో నాడు. ముహూర్తమేమో పొద్దున్నే!

మా వీధి ఆటో అబ్బాయితో మొర పెట్టుకున్నాను. “అద్దం చుట్టూ సందులుండాయి అయ్యోరా, మూసేస్తే సరి” అన్నాడు.

మొదటి ఆదివారం సందులు వెతికాం. అతను బయటినుంచి అద్దం మీద చెంబుతో నీళ్లు పోస్తుంటే, ఎక్కడ కారుతున్నాయో నేను లోపలినుంచి చూశాను. రబ్బరు బీడింగు ఎండి, ముడుచుకుపోయి, కింది మూలలు రెండూ నోళ్లు తెరిచాయి. పైన రెగ్జిను టాపుకూ అద్దం చట్రానికీ నడుమ వేలు పట్టే సందు. కింద బ్రేకు పెడలు చుట్టూ మరొకటి. 40 కిలోమీటర్ల వేగంలో చదరపు మీటరు అద్దం మీద గాలి ఏడు కిలోల పైచిలుకు బరువుతో నొక్కుతుంది. వేగం రెట్టింపైతే నొక్కుడు నాలుగింతలు. అంత తోపుకు వేలెడు సందు చాలదూ?

పంక్చరు షాపులో పాత సైకిలు ట్యూబు తెచ్చి, నిలువునా చీల్చి, అరంగుళం పట్టీలుగా కోసి మూలల్లో దూర్చాం. పైసందుకు రెగ్జిను ముక్క. పెడలు దగ్గర మాత్రం, అది ఆడేందుకు వీలుగా, చీలికపెట్టిన రబ్బరు తెర. అక్కడ గుడ్డలు కుక్కకూడదు సుమండీ! బ్రేకు కింద ఇరుక్కుంటే చలి మాట దేవుడెరుగు, ప్రాణాల మాట చూసుకోవాలి.

అతని మోకాళ్లు వెచ్చబడ్డాయి. వెనకసీటులో నా వీపు మాత్రం ఎప్పటిలాగే కొంకర్లు పోయింది.

రెండో ఆదివారం మా ఆవిడ కుట్టుపెట్టెలోంచి దారం తీసుకుపోయి, జానెడేసి పోగులు ఆటోనిండా అంటించాను. బండి కదిలింది. పోగులన్నీ వెనక్కి ఎగరాలి గదా? సీటు దగ్గరివి ముందుకు ఎగిరాయి! అంటే గాలి వెనకనుంచి వస్తున్నది. ఏటిలో బండకు తగిలిన నీరు రెండు పక్కలా పారి, బండ వెనక సుడి తిరిగి మళ్లీ దాని వైపే రావడం చూశారు గదా. అద్దం వెనక జరిగేదీ అదే. అమెరికాలో గోల్ఫు మైదానాల బళ్లకూ ఇదే రోగం. ముందు అద్దం, పక్కలు బట్టబయలు. చలికాలంలో అక్కడివారు చుట్టూ జిప్పుల తెరలు కట్టుకుంటారు.

మేమూ కట్టాం. మందపాటి పారదర్శకపు ప్లాస్టిక్కు తెచ్చి, ముందూ వెనకా, గాలి చొరకుండా బిగించాం. ఊరు దాటామో లేదో, ఆరుగురి ఊపిరీ చల్లటి అద్దానికి తగిలి మంచు పట్టినట్లు మసకబారింది. పక్క తెరలు కూడా మసకలే. వెనక వచ్చేది చూసే అద్దం ఏ వైపుందో తెలియదు. ఉన్నట్టుండి ఆ మసకలో నాలుగు నల్లటి నీడలు! బ్రేకు వేసి దిగి చూస్తే గేదెలు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ అబ్బాయి చాలాసేపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. సలహా నాదే మరి.

మూడో ఆదివారం డ్రైవరు పక్కల తెరలు ఊడదీశాం. అతనికి దారీ, వెనకచూపు అద్దాలూ ఏ అడ్డూ లేకుండా కనబడి తీరాలి. సీటుకు రెండు పక్కలా, వెనకా మాత్రం తెరలుంచి, గాలికి కొట్టుకోకుండా అడుగున వెదురుబద్ద కుట్టించాం. వెనక తెరకు పైన నాలుగు వేళ్ల సందు వదిలాం, ఊపిరి ఆవిరి పోవడానికి. ముందు అద్దం మళ్లీ మసకబారలేదు. ఉదయగిరి దుర్గం పట్టడానికి శ్రీకృష్ణదేవరాయలకే ఏడాదిన్నర పట్టింది, 1514 దాకా. మాకు గాలిని పట్టడానికి మూడు ఆదివారాలే పట్టింది!

బారసాల నాడు అమ్మను సీటు మధ్యలో కూర్చోబెట్టి, చెవులకు మఫ్లరు చుట్టాను. సగం దారిలో అది విప్పి ఒళ్లో పెట్టుకుంది. ఉదయగిరి దగ్గర పడుతుండగా నా భుజం తట్టింది. ఆయాసమేమోనని నా గుండె ఝల్లుమన్నది.

“ఆ తెర కాస్త ఎత్తరా. దుర్గం కనపడటం లేదు” అన్నది.