బరంపురము నేతవీధులలో ఒక దినము

ఇచ్ఛాపురము దాటి రైలు ఒడిశాలో ప్రవేశించిన కొంతసేపటికే బరంపురము వచ్చును. స్టేషను బోర్డుపై బ్రహ్మపురమని ఉన్నను మనవారి నోట అది బరంపురమే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడువరకు గంజాం మదరాసు రాజధానిలోనిది. రాష్ట్రపతిగా చేసిన వి.వి. గిరిగారు 1894లో పుట్టినది ఈ ఊరనే. నేటికిని బజారులో తెలుగుతో పని జరుగును.

సంఘపు పనిమీద వెళ్ళిన నేను ఒక పూట నేతవీధులు తిరిగితిని. ఇచటి మన దేవాంగులను ఒడియావారు డేరా లందురు. వీరు నేయు పట్టుచీరకు, మగవారి జోడకు పేరు తెచ్చినది ఫోడకుంభపు టంచు. గుడిగోపురముల వరుసవలె అంచురంగు ఒడలిలోనికి పండ్లు పండ్లుగా చొచ్చుకొనివచ్చును. అంచుపేకలు వేరు, ఒడలిపేక వేరు. మూడు నాడెలు నడువవలెను. ప్రతి పేకకును రెండు రంగుల పోగులు ఒకదాని నొకటి పట్టుకొనవలెను. తొందరపడినచో పన్ను చెడును.

ఒక వృద్ధుడు నేయుచుండగా భార్య ప్రక్కన కూర్చుండి రెండవ అంచు నాడె అందించుచున్నది. “పిల్లలు రారా, తాతా?” అని అడిగితిని.

“పెద్దోడు సూరత్తులో మరమగ్గం కాడ ఉన్నాడు బాబూ. ఈ గుంటలో కూకోలేనన్నోడు అక్కడ పన్నెండు గంటలు నిలబడతన్నాడు” అనెను. ఆమె తల యెత్తలేదు. గంజాం నుండి సూరత్తు మరమగ్గములకు పోయినవారు వేలకు వేలు.

సాయంత్రము ఒక దుకాణములో “అసలు బరంపురము పట్టు” అని ఒక చీర చూపిరి. ధర బాగుగా తక్కువ. తిరగవేసి చూచితిని. పంటివద్ద పోగుల కలయికయే లేదు; ఒకే పేక ఈ కొననుండి ఆ కొనకు సాగినది. 2012లో ఈ చీరకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. మంచిదే. కాని చీర తిరగవేసి చూచుట కొనువారికి ఎవరు నేర్పవలెను? నేసినవాడే నేర్పవలెనని నా అభిప్రాయము.

వెళ్ళదలచినవారు రెండేండ్ల కొకసారి చైత్రమున జరుగు బుడీ ఠాకురాణి యాత్రకు వెళ్ళుడు. అమ్మవారు ఆడపడుచుగా పుట్టింటికి వచ్చును. ఆ పుట్టిల్లు డేరాల పెద్దయగు దేశిబెహెరా వీధియే. ఊరి దేవతకు నేతగాడు తండ్రి యగుట మరెక్కడను నేను వినలేదు. తీరిక యున్నచో ఋషికుల్య యొడ్డున జౌగడలో అశోకుని శిలాశాసనము, కొండపై తారాతారిణి చూడవచ్చును. గోపాలపురము సముద్రతీరము పదియారు కిలోమీటర్లే. గంజాం మొగలిపూల అత్తరు మాత్రము నా జేబుకు అందలేదు.

మూడు నాడెల పని తెలిసినవారు మన సంఘములలో ఎందరు మిగిలియున్నారో కార్యదర్శులు ఊరివారీగా వ్రాసి పంపగోరెదను. వచ్చిన లెక్క ఈ పత్రికలోనే ప్రకటింతుము.