గుమ్మడికాయ కూరకు ఆ మెరుపు ఎక్కడిది?

సంక్రాంతి రోజుల్లో ఒకపక్క హైదరాబాదు నాంపల్లిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ సందడి, ఇంకోపక్క తోపుడుబండ్ల మీద కోసి పెట్టిన గుమ్మడికాయ చెక్కలు. చెక్క కొని తెచ్చి బెల్లం కూర చేస్తే ఒకసారి ముక్క ఉడకదు, ఇంకోసారి ముద్దయిపోతుంది. అమ్మ చేసినప్పుడు మాత్రం ప్రతి ముక్కా నూనె రాసినట్టు తళతళలాడేది. ఎందుకు?

కొనేటప్పుడే ఒక జాగ్రత్త. ఈ ఊళ్లో ఉత్త ‘కద్దూ’ అని అడిగితే సొరకాయ చేతిలో పెడతారు. పెళ్లి విందుల్లో తినే కద్దూ కీ ఖీర్ కూడా సొరకాయదే. మనకు కావలసింది ‘మీఠా కద్దూ’, అంటే తీపి గుమ్మడి. బెల్లానికి అబిడ్స్ నుంచి నడిచిపోయేంత దూరంలోనే బేగంబజార్ ఉంది. నల్లబెల్లం అడిగితే మాత్రం దుకాణంవాళ్లు మిమ్మల్ని ఎగాదిగా చూడొచ్చు. గుడుంబా (నాటుసారా) కాచడానికి వాడతారని తెలంగాణలో దాని అమ్మకాల మీద ఆంక్షలు పెట్టిన సంగతి తెలిసిందే. కూరకు మామూలు గోధుమరంగు బెల్లం చాలు.

బెల్లం ముందే వేస్తే ముక్క ఎందుకు ఉడకదు?

కూరగాయ కణాలను అంటిపెట్టుకుని ఉండే జిగురు పెక్టిన్. అది వేడికి కరిగితేనే ముక్క మెత్తబడుతుంది. చింతపండు పులుపు ఆ కరగడాన్ని నెమ్మదింపజేస్తుంది. బెల్లంలోని చక్కెర ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది, బెల్లంలోనే ఉండే కాల్షియం పెక్టిన్‌ను గట్టిపరుస్తుంది. మూడూ కలిసి పట్టు పడితే మీరు గంటసేపు పొయ్యి దగ్గర నిలబడాల్సిందే. అందుకే ముందు ముక్క, తర్వాతే పులుపూ తీపీ. ఈ వరుస తప్పకపోతే కూర ముప్పాతిక వంతు కుదిరినట్టే.

అర కిలో ముక్కలు చెక్కుతో సహా పెద్దగా తరగండి. చెక్కు ఉంటే ముక్క చెదరదు. వెడల్పాటి బాణలిలో పోపు వేసి, ముక్కలు, ఉప్పు, పసుపు, అర గ్లాసు నీళ్లు వేసి మూత పెట్టండి. కుక్కర్ మాట ఎత్తకండి. కత్తి మొన కొంచెం అడ్డుపడుతూ దిగేదాకా ఉడికితే చాలు, మిగతాది పాకంలో ఉడుకుతుంది. అప్పుడు ఉసిరికాయంత చింతపండు రసం, 60 గ్రాముల బెల్లం వెయ్యండి. బెల్లాన్ని వేడినీళ్లలో కరిగించి వడకట్టడం మరవద్దు, ఇసుక ఒక్క రేణువు పంటికింద పడినా మెరుపు సంగతి ఎవరూ తలుచుకోరు.

మరి మెరుపు ఎలా వస్తుంది?

నీళ్లు పోవడం వల్ల. అంతకు మించి రహస్యం లేదు. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనున్న హైదరాబాదులో నీళ్లు దాదాపు 98 డిగ్రీలకే మరుగుతాయి. నీరు ఎక్కువగా ఉన్నంతసేపు వేడి అక్కడే ఉంటుంది. మూత తీసేశాక ఆవిరి పోతూ, పాకం చిక్కబడుతూ, వేడి వంద దాటుతుంది. చిటపటమని పగిలే బుడగలు బద్ధకంగా, పెద్దగా లేస్తాయి. ఆ పాకం ముక్క మీది గరుకును పూడ్చి నున్నటి పొరలా పరుచుకుంటే, దాని మీద పడిన వెలుగు చెదరకుండా తిరిగొస్తుంది. మన కంటికి అదే నిగనిగ. చిక్కదనం కోసం బియ్యప్పిండి కలిపేవాళ్లున్నారు. చిక్కబడుతుంది గానీ మసకబారుతుంది, నాకు నచ్చదు. ఫ్రాన్సులో క్యారెట్లను వెన్న, చక్కెర, కాసిని నీళ్లతో ఇగరబెట్టేదీ ఈ సూత్రం మీదే.

ఎప్పుడు దించాలి?

గరిటెతో బాణలి అడుగున గీత గీయండి. పాకం ఒక్క క్షణం ఆగి గీతను మూసేస్తే సరి. ‘ఇంకా పలచగా ఉందే’ అనిపిస్తుంది, అయినా దించండి. చల్లారేకొద్దీ పాకం తనే చిక్కబడుతుంది. పొయ్యి మీదే గట్టిపడేదాకా ఆగితే కంచంలోకి వచ్చేసరికి జీడిపాకమే.

రాత్రి మిగిలిన కూర పొద్దున్నకి నీరు కారిందంటే చెడిపోయిందని కాదు. ఉప్పూ బెల్లమూ ముక్కలోంచి నీరు లాగుతూనే ఉంటాయి. మూత లేకుండా రెండు నిమిషాలు వేడి చేసి, ముద్దపప్పు అన్నంలో నంజుకోండి.