తాత చుట్ట... దొర చుట్ట!

వేల రూపాయల క్యూబా చుట్టకు చెక్కపెట్టెలో రాజభోగం. అడవి అంచు పల్లెలో తాత చుట్టకు తడిగుడ్డ, అటక మీద ఇంత చోటు. రెండింటి వెనకా ఉన్న లెక్క ఒకటే. అవి నోటికి చేసే చేటూ ఒకటే!

ఖమ్మం నుంచి తల్లాడ మీదుగా కొత్తగూడెం వెళ్లే దారిలో ఏన్కూరు వస్తుంది. మైదానం పోయి అడవి మొదలయ్యే చోటది. అటు లంబాడా తండాలు, ఇటు కోయగూడేలు. ఎండాకాలం వస్తే ఇక్కడి నుంచి భద్రాచలం దాకా అడవి పల్లెలన్నీ తునికాకు పనిలో పడతాయి. యాభై ఆకులకో కట్ట. ఆ కట్టలు కల్లాలకెక్కి, అక్కణ్నుంచి బీడీలు చుట్టే ఊళ్లకు తరలిపోతాయి. తమాషా ఏమిటంటే, ఆ ఆకు కోసే పెద్దవాళ్ల రొంటిన తరచూ కనిపించేది బీడీ కాదు... చుట్ట! అదీ కొన్నది కాదు, నాటు పొగాకు తెచ్చుకుని సొంతంగా చుట్టుకున్నది.

చుట్టేది కాబట్టే దానికా పేరు. ఇంగ్లిషువాళ్లు ‘చీరూట్‌’ అంటారే, ఆ మాట తమిళుల ‘సురుట్టు’ నుంచి వెళ్లింది. మన చుట్ట దానికి తోబుట్టువే. పేరు మనదైనా ఆకు మాత్రం మనది కాదు. అమెరికా ఖండంలో పుట్టిన పొగాకును మన దేశానికి తెచ్చింది పోర్చుగీసువాళ్లు. పదిహేడో శతాబ్దం మొదట్లో అసద్‌బేగ్‌ అనే ఉద్యోగి బీజాపూర్‌ నుంచి పట్టుకెళ్లి అక్బరు పాదుషాకు చూపించాడట. ఆ తర్వాత 1617లో జహంగీరు దాన్ని నిషేధించాడు. ఎవరు విన్నారు గనక! గోదావరి లంకల్లో పండిన ఘాటైన ఆకు ‘లంక పొగాకు’గా పేరు తెచ్చుకుంది. గురజాడవారి గిరీశం అయితే చుట్ట కాల్చడమే కాదు, దాని మహత్యం గురించి శిష్యుడు వెంకటేశానికి పద్యంతో సహా పాఠం చెప్పాడు. ‘కన్యాశుల్కం’లోని ఆ వెక్కిరింతకు తెలుగువాళ్లు ఇప్పటికీ నవ్వుకుంటూనే ఉన్నారు.

ఎండితే పొడి... తడిస్తే బూజు

చుట్ట కాల్చడం కంటే దాచడమే కష్టం. పొగాకు చుట్టూ ఉన్న గాల్లోని తేమను పీల్చుకుంటుంది, గాలి పొడిగా ఉంటే తనలోని తేమను వదిలేస్తుంది. మరీ ఎండితే పట్టుకోగానే పొడైపోతుంది, వెలిగిస్తే భగ్గున మండి నాలుక కాలుస్తుంది. మరీ తడిస్తే బూజు పడుతుంది. అందుకే విదేశాల్లో చుట్టలు సేకరించడం సరదాగా పెట్టుకున్నవాళ్లు ‘హ్యూమిడార్‌’ అనే పెట్టె కొనుక్కుంటారు. లోపల స్పానిష్‌ సెడార్‌ చెక్క, గాల్లో తేమ ఎంతుందో చూపించే ముల్లు. ఆ ముల్లు డెబ్భై శాతం దగ్గర, వేడి ఇరవై డిగ్రీల చుట్టుపక్కల ఉండాలి. అలా ఉంచితే చుట్ట ఏళ్ల తరబడి పాడవదు. సేకరించేవాళ్ల మాటల్లో చెప్పాలంటే ‘పండుతుంది’!

వాళ్లకు నిద్ర పట్టనివ్వని శత్రువు ఇంకోటి ఉంది. ఆవగింజంత పొగాకు పురుగు. ఆకులో కంటికి కనపడని గుడ్లు ఉంటాయి. పెట్టెలో వేడి పాతిక డిగ్రీలు దాటిందా, అవి పొదగడం మొదలవుతుంది. చుట్ట నిండా సూదితో పొడిచినట్టు బెజ్జాలు! అందుకే కొన్న చుట్టల్ని ముందు కొన్నాళ్లు ఫ్రీజర్లో పెట్టి, ఆ తర్వాతే పెట్టెలో సర్దుతారు.

మన పల్లెల్లో ఈ ముల్లులూ డిగ్రీలూ ఎక్కడివి? పొగాకు కట్టను గోనెసంచిలో చుట్టి అటకెక్కిస్తారు. వానాకాలంలో కింది పొయ్యి సెగకు దానికి చెమ్మ చేరదు. చుట్టుకోవాలనుకున్న రోజు నాలుగు ఆకులు దించి, నీళ్లు చిలకరించి, తడిగుడ్డలో కాసేపు మూస్తారు. ఆకు మెత్తబడ్డాక నడిమి ఈనె లాగేసి, తుంపులు లోపల పేర్చి, మంచి ఆకు పైన చుడతారు. ఉల్లిగడ్డల పక్కన మాత్రం పెట్టరు. పొగాకు ఏ వాసనైనా లాగేసుకుంటుంది మరి. వేల రూపాయల పెట్టె చేసే పని తడిగుడ్డా అటకా చేసిపెట్టేవన్నమాట. ఒడుపు మెచ్చుకోవాల్సిందే!

పొగ మింగకపోయినా...

అయితే మెచ్చుకోవడం దగ్గరే ఆగడానికి లేదు. ‘సిగరెట్‌లా పొగ మింగం కదా, చుట్ట ఏం చేస్తుంది’ అనే మాట పల్లెలోనూ వినిపిస్తుంది, పట్నం క్లబ్బుల్లోనూ వినిపిస్తుంది. అసలు కిటుకు అక్కడే ఉంది. నీడన ఆరబెట్టి మగ్గబెట్టిన చుట్టాకు పొగకు క్షారగుణం ఎక్కువ. ఊపిరితిత్తుల దాకా వెళ్లక్కర్లేకుండా నోటి పొరల్లోంచే నికోటిన్‌ రక్తంలో కలిసిపోతుంది. కాబట్టి మింగకపోయినా అలవాటు పట్టేస్తుంది. నోరు, గొంతు, అన్నవాహికల్లో క్యాన్సర్‌కు దారీ పడుతుంది.

అన్నిటికంటే దారుణం అడ్డపొగ. అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడం. ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా ఆడవాళ్లలో ఈ అలవాటు ఎక్కువ. గాలికి నిప్పు ఆరిపోదు, చంకలో బిడ్డ మీద నుసి రాలదు, చుట్ట ఎక్కువసేపు వస్తుంది... ఇవీ వాళ్లు చెప్పే కారణాలు. డెన్మార్క్‌ శాస్త్రవేత్త పిండ్‌బోర్గ్‌, మన దేశపు పరిశోధకులు కలిసి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రచురించారు. నూటికి నలభైమందికి పైనే అడ్డపొగ తాగేవాళ్లు! వాళ్ల అంగిళ్ల మీద తెల్లటి మచ్చలు, వాటి నడుమ ఎర్రటి చుక్కలు, పుండ్లు. మామూలుగా అరుదుగా వచ్చే అంగిలి క్యాన్సర్‌ అక్కడ ఎక్కువగా రావడానికి కారణం ఈ అలవాటేనని తేలింది.

కథ అక్కడితో అయిపోలేదు. ఆ తర్వాత శ్రీకాకుళంతో పాటు కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్‌ జిల్లాల్లో పొగాకు వాడే 36 వేల మందికి పైగా జనాన్ని టాటా మౌలిక పరిశోధన సంస్థవాళ్లు ఏళ్ల తరబడి కలుస్తూ వచ్చారు. ఏటా నోరు చూడటం, మానెయ్యమని నచ్చజెప్పడం... అంతే! మానేసినవాళ్లలో, తగ్గించినవాళ్లలో కొత్తగా మచ్చలు రావడం బాగా తగ్గింది. అలవాటు వదిలేస్తే నోటికి ముప్పు తగ్గుతుందని దీంతో తెలిసింది.

కాబట్టి ఇంట్లో చుట్ట కాల్చే తాతయ్యో నానమ్మో ఉంటే వాళ్లతో వాదనకు దిగే ముందు ఓ పని చేయొచ్చు. వెలుతుర్లో కూచోబెట్టి నోరు తెరవమని, టార్చితో అంగిలి, నాలుక కింద, బుగ్గల లోపల చూడండి. తుడిస్తే పోని తెల్లమచ్చ, మూడు వారాలైనా మానని పుండు, కారం తింటే విపరీతమైన మంట... వీటిలో ఏది కనిపించినా దంతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. మానాలనుకుంటే జాతీయ పొగాకు విరమణ సహాయ కేంద్రం నంబరు 1800 11 2356. ఫోన్‌ చేయడానికి పైసా ఖర్చు లేదు.