పాళీ పాతది, గొట్టం కొత్తది

సిరా పెన్ను చేయి జారి బండ మీద పడింది. గొట్టం చీలింది. సిరా కారిపోయింది. కానీ పాళీకి ఏమీ కాలేదు. అది ఏళ్ళ తరబడి రాసిన పాళీ. చేతికి బాగా అలవాటైన పాళీ. ఇప్పుడు పెన్నంతా పారేయాలా?

అక్కర్లేదు. కొడవలి పిడి విరిగితే కొడవలిని పారేయం కదా! కొత్త పిడి వేయించుకుంటాం. పెన్ను కూడా అంతే. రాసేది పాళీ. గొట్టం దానికి పిడి లాంటిది. అయితే పిడి వేసినంత సులువు మాత్రం కాదు.

పాత పాళీయే ఎందుకు? కొత్తది కొంటే పోలేదా? పాళీ మొన మీద ఒక చిన్న గింజ ఉంటుంది. ఆవగింజ కంటే చిన్నది. చాలా గట్టి లోహం. ఏళ్ళ తరబడి రాస్తే అది కొద్దికొద్దిగా అరుగుతుంది. మనిషి పెన్నును ఎంత వాల్చి పట్టుకుంటే ఆ వాలుకే అరుగుతుంది. అందుకే ఆ పాళీ ఆ చేతిలో మెత్తగా సాగుతుంది. వేరే చేతిలో గీరుకుంటుంది.

కొత్తగా సంతకం నేర్చిన ఆడవాళ్ళకు ఇది చిన్న సంగతి కాదు. బ్యాంకులో పొదుపు సంఘం కాయితాల మీద ఇప్పటి సంతకం పాత సంతకంతో కలవాలి. పాళీ గీరుకుంటే చేయి తడబడుతుంది. అక్షరం వంకర పోతుంది. "ఇది నీ సంతకమేనా అమ్మా?" అని అడుగుతారు. వేలిముద్ర వేసిన రోజుల్లో ఎవరూ అడగని ప్రశ్న అది.

పాళీని ఇంకో గొట్టంలో పెట్టాలంటే ముందు సిరా ఎట్లా దిగుతుందో తెలియాలి. పాళీ కింద నల్లని ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని నాలుక అంటారు. నాలుక మీద సన్నని గాడి ఉంటుంది. దీపంలో ఒత్తి నూనెను పీల్చినట్టు, ఆ గాడి సిరాను పీల్చి పాళీకి ఇస్తుంది. పాళీ చీలిక దాన్ని మొన దాకా తెస్తుంది.

సిరా బయటికి వస్తే సరిపోదు. వచ్చినంత గాలి లోపలికి పోవాలి. నూనె డబ్బాకు ఒకటే బొక్క పెట్టి వంచి చూడండి. నూనె గుడుక్ గుడుక్ మని ఆగి ఆగి పడుతుంది. రెండో బొక్క పెడితే ధారగా పడుతుంది. పెన్నులో గాలికీ నాలుక మీదుగానే దారి. గాలి సరిగా పోకపోతే పెన్ను ఆగి ఆగి రాస్తుంది. ఎక్కువ పోతే సిరా కక్కుతుంది. పాళీ, నాలుక, వాటిని పట్టుకునే మెడ - ఈ మూడూ సరిగ్గా కుదరాలి. అసలు పనితనమంతా ఇక్కడే.

ఇట్లాంటి పనికి పేరు పడిన ఊరు గోదావరి ఒడ్డున ఉంది. అది రాజమండ్రి. ఇప్పుడు రాజమహేంద్రవరం అంటున్నారు. స్వదేశీ ఉద్యమం రోజుల్లో, సీమ పెన్నులే దొరికే కాలంలో, అక్కడ కె.వి. రత్నం గారు మన దేశంలోనే పెన్ను చేయాలని పూనుకున్నారు. ఆయన చేసిన పెన్ను జె.సి. కుమారప్ప ద్వారా గాంధీగారికి చేరింది. ఆ పెన్నుతో రాసి చూసి, బాగుందని గాంధీగారు 1935లో ఆయనకు ఉత్తరం రాశారు. రత్నం పెన్నులంటే ఈనాటికీ చేతితో చేసిన పెన్నులే.

అక్కడ గొట్టాన్ని ఎబొనైట్ తో చేస్తారు. రబ్బరులో గంధకం కలిపి వేడి చేస్తే గట్టిపడి ఎబొనైట్ అవుతుంది. ఆ కడ్డీని లేత్ మిషన్ మీద తిప్పుతూ, బొంగరం చెక్కినట్టు చెక్కుతారు. మెడలో బెజ్జం వేస్తారు. పాళీని నాలుక మీద పెట్టి, రెండింటినీ కలిపి ఆ బెజ్జంలోకి తోస్తారు. జిగురు పెట్టరు. బిగువు మీదే నిలవాలి. బెజ్జం వెంట్రుక వాసి పెద్దదైతే పాళీ ఊగుతుంది, సిరా కారుతుంది. చిన్నదైతే మెడ పగలవచ్చు.

పాళీలకు 5, 6 అని నంబర్లు ఉంటాయి. ఆ నంబరు చెబితే చాలదు. ఒక కంపెనీ 6 ఇంకో కంపెనీ 6కి కుదరకపోవచ్చు. అందుకని పనివాడి చేతికి పాళీనే ఇవ్వాలి. పాత నాలుకను కూడా ఇవ్వాలి. అది పనికిరాని ముక్క అనుకొని చాలామంది పారేస్తారు!

పాళీకీ నాలుకకూ మధ్య సందు ఉండకూడదు. ఉంటే, ఎబొనైట్ నాలుకను వేడినీళ్ళలో పెట్టి, మెత్తబడినాక పాళీకి ఒత్తుతారు. ఇది ఇంట్లో చేసే పని కాదు. నాలుక వంకర పోతే మళ్ళీ కుదరదు.

మూత సంగతి కూడా చూసుకోవాలి. లోపల పాళీ మొన మూతకు తగలకూడదు. తగిలితే వంగిపోతుంది. మూత గట్టిగా పట్టాలి. అనంతపురం ఎండాకాలం గాలికి తడిబట్టే నిమిషాల్లో ఆరుతుంది. పాళీ మీద సిరా ఎంతసేపు నిలుస్తుంది?

గొట్టంలోనే సిరా పోసుకునే పెన్నుకు ఎండ వల్ల ఇంకో తంటా ఉంది. సిరా తగ్గేకొద్దీ లోపల గాలి పెరుగుతుంది. చేతి వేడికి, ఎండ వేడికి ఆ గాలి ఉబ్బుతుంది. సిరాను బయటికి తోస్తుంది. కాయితం మీద మచ్చ పడుతుంది. గొట్టంలో సిరా మూడో వంతుకు దిగక ముందే మళ్ళీ నింపుకుంటే ఈ బాధ తక్కువ.

పని అయినాక డబ్బు ఇచ్చే ముందే రాసి చూడండి. ఒక గీత గీస్తే తెలియదు. పేజీ నిండా రాయాలి. సంతకం పది సార్లు పెట్టాలి. నొక్కి రాయొద్దు. బాల్ పెన్నుకు, పలకకు అలవాటైన చేయి తెలియకుండానే నొక్కుతుంది. నొక్కితే పాళీ చీలిక విచ్చుకుంటుంది.

నెలకోసారి పాళీని చల్లని నీళ్ళలో కడగాలి. వేడినీళ్ళు వద్దు. ఉప్పునీళ్ళు ఆరితే గాడిలో తెల్లని పొడి మిగులుతుంది. వాననీళ్ళు మేలు. ఈ జిల్లాలో వాననీళ్ళు దాచుకోమంటే నవ్వొస్తుందేమో! దీనికి అరగ్లాసు చాలు.